జాగ్రత్త: డబ్బు కట్టి ‘మానసిక ఆరోగ్య స్కోరు’ కొనేముందు ఇది చదవండి

ఆన్‌లైన్‌లో ‘మీ మానసిక ఆరోగ్యం ఎలా ఉంది? జీవితంతో మీరు తృప్తిగా ఉన్నారా?’ అంటూ ఊరించే టెస్టుల్లో ఒకదానికి డబ్బు కట్టి రిపోర్టు తీసుకున్నాను. పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో నడిచేవి ఇంకా చాలా కనిపిస్తున్నాయి కాబట్టి, పేరు కన్నా పద్ధతి తెలియడం ముఖ్యం.

టెస్టు ఫ్రీ అంటారు. ప్రశ్నలన్నీ పూర్తి చేశాక ఫలితం మసకమసకగా చూపిస్తారు. ‘మీ ఫలితం ఆందోళనకరంగా ఉంది’ అనే ఎర్రక్షరాలు మాత్రం ఎంచక్కా కనిపిస్తాయి. అప్పటిదాకా మామూలుగా ఉన్నవాళ్లకి కూడా అక్కడ టెన్షన్ పట్టుకుంటుంది. డబ్బు కడితేనే మసక పోతుంది.

కట్టాను, బోలెడు పేజీల పీడీఎఫ్ వచ్చింది. ప్రశ్నలు వాళ్లు తయారు చేసుకున్నవేం కావు. మొదటి తొమ్మిదీ డిప్రెషన్ లక్షణాలు ఎంతున్నాయో చూసే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి నుంచి ఎత్తినవి. గత 2 వారాల్లో దిగులు, నిద్ర, ఆకలి, నీరసం వగైరా ఎంత తరచుగా ఇబ్బంది పెట్టాయో అడుగుతుంది. ఒక్కో జవాబుకి 0 నుంచి 3, మొత్తం 27. 2001లో వెలువడింది, అనుమతి అడక్కుండానే ఎవరైనా వాడుకోవచ్చు. తర్వాతి ఐదూ మనసు ఎంత బాగుందో చూసే ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి డబ్ల్యూహెచ్‌ఓ-5. మొత్తం 25, దాన్ని 4తో గుణిస్తే వందకి ఎంతో వస్తుంది. చివరి ఐదూ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్ డీనర్ బృందం 1985లో ప్రచురించిన జీవన సంతృప్తి స్కేలు, 5 నుంచి 35 వరకు. ఈ రెండూ కూడా ఉచితంగా దొరికేవే. అంటే మనం కట్టే డబ్బు కూడికకీ, వ్యాఖ్యానానికీ అన్నమాట. ఆ కూడికే తప్పు!

నా జవాబుల్ని కాగితం మీద లెక్కేసుకున్నాను. పీహెచ్‌క్యూ-9లో 7 వచ్చింది. 5 నుంచి 9 దాకా స్వల్ప లక్షణాల కిందే లెక్క. మరింత పరిశీలన అవసరమని సాధారణంగా 10 నుంచి అంటారు. డబ్ల్యూహెచ్‌ఓ-5లో 16, అంటే వందకి 64. సంతృప్తి స్కేల్లో 23. అందులో 20 అటూ ఇటూ కాని మధ్యస్థం, నాది దానికి కాస్త పైనే. రిపోర్టులో మాత్రం ‘మానసిక ఆరోగ్య స్కోరు 53/100, డిప్రెషన్ ముప్పు అధికం’ అని ఉంది.

ఈ 53 ఎక్కడిదని చూస్తే, 7, 16, 23 కలిపితే 46. మూడింటి గరిష్ఠ మార్కులు కలిపితే 87. 46ని 87తో భాగిస్తే నూటికి దాదాపు 53. మూడింటినీ ఒకే గంపలో పోసేశారు. కానీ పీహెచ్‌క్యూ-9లో మార్కులు పెరిగితే బాధ ఎక్కువని, మిగతా రెండింటిలో పెరిగితే బాగున్నట్టని అర్థం. ఈ లెక్కన నేను తొమ్మిది ప్రశ్నలకీ ‘దాదాపు ప్రతిరోజూ’ అని పెట్టి ఉంటే నా ‘ఆరోగ్యం’ 76కి ఎగబాకేది!

‘88% మంది కంటే మీరు వెనకబడ్డారు’ అని ఇంకో వాక్యం. ఎవరా మంది, ఏ వయసువాళ్లు అని సపోర్టుకి రాస్తే ‘మా అల్గారిథం లెక్కిస్తుంది’ అని జవాబు. అంతే.

వీటన్నిటికన్నా నాకు ఒళ్లు మండింది వేరే చోట. పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండుననే ఆలోచనలు, తనకు తాను హాని చేసుకోవాలనే ఆలోచనల గురించి. మొత్తం మార్కులు ఎంతైనా సరే, దానికి 0 కాకుండా ఏ జవాబిచ్చినా ఆ మనిషితో వెంటనే మాట్లాడి చూడాలి. వేరే ఈమెయిల్‌తో లాగిన్ అయి దానికి కావాలనే ‘దాదాపు ప్రతిరోజూ’ అని నొక్కి చూశాను. హెల్ప్‌లైన్ నంబరు లేదు, ఎవరితోనైనా మాట్లాడమన్న ఒక్క ముక్క లేదు. తిన్నగా అదే పేమెంటు పేజీ, పక్కన ‘పది నిమిషాల్లో ఆఫర్ ముగుస్తుంది’ అనే గడియారం. నిజంగా ఆ స్థితిలో ఉన్నవాళ్లకి ఇది ఎదురైతే? మీరే ఆ స్థితిలో ఉంటే ఏ రిపోర్టు కోసమూ ఆగకండి. దగ్గరివాళ్లకి చెప్పండి, డాక్టర్‌కో హెల్ప్‌లైన్‌కో ఇప్పుడే ఫోన్ చేయండి.

ఈ ప్రశ్నావళులు చెడ్డవని కాదు, డబ్బు తీసుకునే ప్రతి టెస్టూ మోసమనీ కాదు. బెక్ డిప్రెషన్ ఇన్వెంటరీ లాంటివి నిపుణులే కొనుక్కుని వాడతారు. ఎవరు వాడినా అవి వడపోతకే, జబ్బు నిర్ధారణకి కాదు. డాక్టరైతే మార్కులు చూసి ఊరుకోరు. ఈమధ్య ఇంట్లో ఎవరైనా పోయారా, థైరాయిడ్ ఉందా, ఏ మందులు వాడుతున్నారు అని అడుగుతారు. పీహెచ్‌క్యూ-9 చివర కూడా, ఈ ఇబ్బందుల వల్ల పనీ, ఇల్లూ, నలుగురితో మెలగడం ఎంత కష్టమైందని మార్కుల్లేని ప్రశ్న ఒకటి ఉంటుంది. వీళ్లు దాన్ని తీసేశారు.

రీఫండ్ అడిగితే ‘రిపోర్టు డెలివర్ అయింది కాబట్టి కుదరదు’ అన్నారు. పైగా ఒక్క రిపోర్టుకే అనుకుని కట్టినది నెలనెలా తెగే సబ్‌స్క్రిప్షన్ అట, ఆ మాట పే బటన్ కింద బూడిదరంగు చిన్నక్షరాల్లో ఉంది. ఇప్పటికే కట్టినవాళ్లు కోపంలో ముందు అకౌంట్ డిలీట్ చేయకండి. లాగిన్ పోతే రద్దు చేసే బటన్ కూడా పోతుంది, డబ్బులు మాత్రం కట్ అవుతూనే ఉంటాయి. ముందు సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసి, ఆ స్క్రీన్‌షాట్ దాచుకుని, బ్యాంకులో ఆటోపే ఆపించి, మీ జవాబుల డేటా తొలగించమని ఈమెయిల్ పెట్టి, అప్పుడు డిలీట్ చేయండి.