జెఫ్ బెక్ రికార్డులు: ఆ కడ్డీ కోసమే ఇంకా వింటున్నాను

ఇంగ్లండ్ రాక్ గిటారిస్టు జెఫ్ బెక్ ఎవరో, యార్డ్‌బర్డ్స్ బృందంలో ఎరిక్ క్లాప్టన్ స్థానంలోకి ఎలా వచ్చాడో, ఎన్ని గ్రామీలు గెలిచాడో ఇక్కడ చెప్పబోవడం లేదు. 2023 జనవరిలో ఆయన పోయినప్పుడు అందరూ అవే రాశారు. ఆయన రికార్డులు చాలా ఏళ్లుగా నా దగ్గర ఉన్నాయి. కొన్నింటిని వింటూనే ఉంటాను, మిగతావి ఊరికే ఉన్నాయి. వినే వాటిని ఎందుకు వింటానంటే కారణం ఒక్కటే: గిటార్ కింది భాగంలో, తీగలు ఆనే బ్రిడ్జికి బిగించి ఉండే ఇనుప కడ్డీ, వామీ బార్.

చాలామంది రాక్ గిటారిస్టులకు అది ఆర్భాటానికి పనికొచ్చే వస్తువు. పాట చివర దాన్ని బలంగా నొక్కితే తీగలన్నీ వదులై మూలుగుతాయి, జనం కేకలు వేస్తారు. బెక్ కూడా కుర్రతనంలో ఆ పని చేసినవాడే. కానీ 1980లలో పిక్‌ను, అంటే తీగలు మీటే చిన్న బిళ్లను, దాదాపు వదిలేసి బొటనవేలితో మీటడం మొదలుపెట్టాక ఆయన కుడిచెయ్యి వేరే మనిషి చెయ్యి అయిపోయింది. కడ్డీ అరచేతి దగ్గర, చిటికెన వేలు వాల్యూమ్ నాబ్ మీద. నాబ్‌ను తగ్గించి ఉంచి మీటుతాడు, ఆ తర్వాత నెమ్మదిగా పెంచుతాడు. దాంతో మీటిన చప్పుడు వినబడదు, స్వరం ఎక్కడ మొదలైందో తెలియదు. ఆపైన కడ్డీని కాస్త నొక్కుతూ, కాస్త ఎత్తుతూ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి నడుస్తాడు.

నేను చిన్నప్పుడు వీణ నేర్చుకున్నాను. కచేరీ చేసేంత విద్య కాదు, ఇంట్లో వాయించుకునేంత. ఈ సమీక్ష అంతా ఆ చెవితో రాస్తున్నదే. గిటార్ నేర్చుకున్నవాళ్లు ఇదే మనిషి గురించి ఇంకోలా రాస్తారు.

1989లో వచ్చిన ‘జెఫ్ బెక్స్ గిటార్ షాప్’ అనే ఆల్బంలో ‘వేర్ వర్ యూ’ అని ఒక వాద్య రచన ఉంది. డ్రమ్స్ మీద టెర్రీ బోజియో, కీబోర్డుల మీద టోనీ హైమస్, గిటార్ బెక్, అంతే. ఆల్బంలో బాస్ గిటారిస్టే లేడు. ఈ ఒక్క రచనలో డ్రమ్స్ కూడా లేవు. కీబోర్డు పరిచిన శ్రుతి మీద గిటార్ ఒంటరిగా తిరుగుతుంది. బల్గేరియా స్త్రీల బృందగానం విని ఆ ప్రేరణతో చేశాడు. తీగను మెట్టుకు అదమకుండా, సగం దగ్గరో మూడో వంతు దగ్గరో వేలు తాకించి మీటితే సన్నని స్వరం ఒకటి పుడుతుంది. ఇంగ్లిషులో హార్మోనిక్ అంటారు. ఇవి తీగ మీద కొన్ని చోట్లే దొరుకుతాయి కాబట్టి పాటకు కావలసిన స్వరాలన్నీ వీటిలో ఉండవు. లేని స్వరాలను బెక్ కడ్డీతో తెప్పిస్తాడు. ఎంత నొక్కితే ఏ స్వరమో చెప్పే గుర్తు ఆ కడ్డీ మీద ఎక్కడా లేదు, చెవి ఒక్కటే దిక్కు.

దీన్ని వీణ మీదికి ఎక్కించాలని ఒక వేసవంతా కూర్చున్నాను. హార్మోనిక్స్ సంగతి మొదట్లోనే తేలిపోయింది. తాకించిన వేలు వెంటనే తీసెయ్యాలి. తీసేశాక ఆ తీగను లాగడానికి నాకు ఏ ఆధారమూ లేదు. సరే, మామూలుగా మెట్ల మీదే వాయిద్దామనుకున్నాను. పైకి వెళ్లే జారులు బాగానే వచ్చాయి. చిక్కంతా కిందికి వచ్చేవాటితోనే. మెట్టు మీద తీగను పక్కకు లాగితే శ్రుతి పెరుగుతుంది, తగ్గడమన్నది ఉండదు. కిందికి దిగే గమకం కావాలంటే ముందే లాగి పట్టుకుని, మీటి, వదలాలి. అంటే స్వరం పుట్టకముందే అది ఎక్కడికి దిగాలో నిశ్చయమైపోవాలి. బెక్ తన గిటార్ బ్రిడ్జిని కాస్త తేలి ఉండేలా అమర్చుకున్నాడు కాబట్టి కడ్డీ రెండువైపులా పనిచేస్తుంది. మీటిన తర్వాత కూడా పైకా కిందికా అని ఆలోచించుకునే వ్యవధి ఆయనకు ఉంది. నాకు లేదు.

అలాగని ఆయన పని తేలికేమీ కాదు. వీణలో నేను లాగిన తీగ ఒక్కటే కదులుతుంది. ఆ కడ్డీ ఆరు తీగలనూ ఒకేసారి కదిలిస్తుంది, కాబట్టి మోగకూడని ఐదింటినీ నోరెత్తకుండా ఎక్కడికక్కడ అదిమి ఉంచాలి. రికార్డులో ఆ శ్రమ ఎక్కడా వినపడదు.

ఆ వేసవిలో ‘వేర్ వర్ యూ’ నాకు రాలేదు. కానీ దాన్ని అన్నిసార్లు వినడం వల్ల వేరొకటి తెలిసింది. ఆయన స్వరం మీదికి చేరాక ఊపడు. చేరే దారిలోనే వంపులన్నీ. చేరాక కదలకుండా నిలుస్తాడు, ఒక్కోసారి అది సన్నగిల్లి పోయేవరకు. తిరిగి నా వీణ విన్నప్పుడు ప్రతి దీర్ఘ స్వరాన్నీ అలవాటుగా ఊపేస్తున్నానని గమనించాను, రాగం అడిగినా అడగకపోయినా. మా గురువుగారు ఏళ్ల తరబడి మొత్తుకున్న సంగతి అదే. ఇంగ్లండులో సర్రే ప్రాంతపు రాక్ గిటారిస్టు చెబితే గాని తలకెక్కలేదు!

ఇక ‘నాడియా’. బ్రిటన్ సంగీతకర్త నితిన్ సాహ్ని 1999లో చేసిన ‘బియాండ్ స్కిన్’ ఆల్బంలో స్వాతి నాటేకర్ పాడిన పాట అది. హిందుస్తానీ గాత్రం మీద నడుస్తుంది. బెక్ 2001లో ‘యూ హ్యాడ్ ఇట్ కమింగ్’ ఆల్బంలో ఆ గాత్రాన్ని గిటార్ మీదికి తెచ్చాడు. ఏది వేలు, ఏది కడ్డీ అని విడదీసి చెప్పలేను. గొంతు తిరిగిన ప్రతిచోటా తీగ తిరుగుతుంది. ఇదే మనిషి 1965లో యార్డ్‌బర్డ్స్ వాళ్ల ‘హార్ట్ ఫుల్ ఆఫ్ సోల్’కు పనిచేశాడు. దానికోసం సితార్ వాద్యకారుణ్ణి పిలిపించి, ఆ ప్రయత్నం పక్కనపెట్టి, చివరికి బెక్ గిటార్‌కు స్వరాన్ని గరగరలాడించే ఫజ్ పెడల్ తగిలించి ఆ వరుస వాయించాడు. అప్పుడు దొరికింది సితార్ రంగు మాత్రమే. 36 ఏళ్ల తర్వాత దాని నడక దొరికింది. అయితే ‘నాడియా’ స్టూడియో రికార్డింగ్‌లో వెనక నడిచే యాంత్రికమైన తాళం ఇప్పుడు కాస్త పాతబడినట్టే ఉంది. 2007 చివర లండన్‌లోని రోనీ స్కాట్స్ క్లబ్బులో చేసిన కచేరీ రికార్డు అంతకంటే మేలు. విన్నీ కొలాయుటా డ్రమ్స్, టాల్ విల్కెన్‌ఫెల్డ్ బాస్ ఆయనకు కావలసినంత చోటు ఇస్తారు.

కొత్తగా వినేవాళ్లకు ఎవరైనా 1975 నాటి ‘బ్లో బై బ్లో’ నుంచే మొదలుపెట్టమంటారు. బీటిల్స్ రికార్డులు చేసిన జార్జ్ మార్టిన్ నిర్మాత, అమెరికా ఆల్బంల జాబితాలో 4వ స్థానం దాకా వెళ్లిన ఆల్బం. నేనూ చాలాకాలం అదే చెప్పాను. ఇప్పుడు అందులో స్టీవీ వండర్ రాసిన ‘కాజ్ వుయ్ హ్యావ్ ఎండెడ్ యాజ్ లవర్స్’, చివర వచ్చే ‘డైమండ్ డస్ట్’ వింటాను. మిగతా ఫంక్ ముక్కలు వినిపిస్తూ ఉంటే ఏదో ఒక పని చేసుకుంటాను. ఆ స్టీవీ వండర్ పాటను వాయించింది టెలీకాస్టర్ అనే రకం గిటార్ మీద, దానికి కడ్డీయే లేదు. అయినా అందులో ఏడుపు అంతా ఉంది, ఎడమచేతి వేళ్లతోనూ వాల్యూమ్ నాబ్‌తోనూ తెచ్చినదే. కాబట్టి అంతా ఆ కడ్డీ మహిమేనని పైన అన్నదాన్ని కొంచెం తగ్గించి చదువుకోండి.

నాకు కోపం ఉన్నది ఆయన చేతి మీద కాదు, మిగతా మనిషి మీద. ఏమి వాయించాలో ఈయనకు ఎన్నడూ తేలలేదు. 1968లో ‘ట్రూత్’ చేశాడు. రాడ్ స్టివార్ట్ గొంతు, రానీ వుడ్ బాస్, లెడ్ జెప్లిన్ అనే రాక్ బృందం మొదటి ఆల్బం రాకముందే ఆ దారి వేసినవాళ్లు. మరుసటి ఏడాది వుడ్‌స్టాక్ ఉత్సవానికి కొద్దిగా ముందు ఆ బృందం విడిపోయింది. అన్ని ఆల్బంలూ విడుదలైన వరుసలో విందామని కూర్చున్నప్పుడు నా బండి 1985 నాటి ‘ఫ్లాష్’ దగ్గర ఆగిపోయింది. ఆ కాలపు డ్రమ్ చప్పుళ్ల కింద గిటార్‌ను వెతుక్కోవాలి, పైగా రెండు పాటలు తనే పాడాడు. రాడ్ స్టివార్ట్ వచ్చి పాడిన ‘పీపుల్ గెట్ రెడీ’ ఒక్కటీ పక్కకు తీసిపెట్టుకున్నాను. ఆ తర్వాత నాలుగేళ్లు, ఆరేళ్లు విరామాలు. మధ్యలో ఇంట్లో పాత ఫోర్డ్ కార్లను విప్పి బిగించుకుంటూ గడిపేవాడు. ఆ చేతులకు ఏమైనా అయితే? అభిమానికి కాకపోతే ఈ బెంగ ఎవరికి ఉంటుంది.

2010లో ‘ఎమోషన్ అండ్ కమోషన్’లో పెద్ద ఆర్కెస్ట్రా పెట్టుకుని ‘నెస్సున్ డోర్మా’ అనే ఇటాలియన్ ఒపెరా పాట వాయించాడు. గ్రామీ వచ్చింది. నాకు మాత్రం ఆ వయొలిన్ల గుంపు ఆయన నిలబెట్టే స్వరానికి అడ్డం వస్తున్నట్టే ఉంటుంది.

కొనాలా, దేనితో మొదలుపెట్టాలి అంటే సూటిగా చెప్పలేను. కర్ణాటక సంగీతమో హిందుస్తానీయో కొంచెం విన్న చెవి అయితే రోనీ స్కాట్స్ రికార్డు. మాటలున్న పాటలే కావాలంటే ‘ట్రూత్’ ఒక్కటి చాలు, ఆ తర్వాత వేరే వాళ్ల దగ్గరికి వెళ్లిపోవచ్చు. మా బావగారికి డ్రమ్స్ పిచ్చి, ఆయన 1976 నాటి ‘వైర్డ్’ను మించింది లేదంటారు, మేము ఆ విషయం మాట్లాడుకోవడం మానేశాం. ఫోను స్పీకర్‌లో మాత్రం వినకండి. నాబ్ తగ్గించి వాయించిన చోట్ల సగం స్వరం అందులో పడిపోతుంది. సినిమా నటుడు జానీ డెప్‌తో కలిసి 2022లో చేసిన ‘18’ నా దగ్గర ఉంది కానీ పూర్తిగా వినలేదు, దాని గురించి ఇంకెవరినైనా అడగండి.