సెలబ్రిటీగా ఎదిగే మొబైల్ గేమ్‌లలో డబ్బు పెట్టబోయేవారికి జాగ్రత్త హెచ్చరిక

ఎవరికీ తెలియని కొత్త ముఖంగా మొదలై, చిన్న ఫోటోషూట్లు, ప్రకటనలు, సినిమా వేషాలు చేసుకుంటూ, అభిమానులను పెంచుకుని, చివరికి అగ్రతార స్థాయికి చేరుకోవడమే కథగా సాగే మొబైల్ గేమ్‌లు చాలా ఉన్నాయి. అలాంటి ఒక గేమ్‌లో నేను డబ్బు చెల్లించి కొన్న డైమండ్లు (గేమ్‌లో వాడే ఒక రకం కరెన్సీ), దుస్తులు, ఇల్లు, వాటితో పాటు ఎంతో కాలంగా పెంచుకున్న స్థాయి ఒక అప్‌డేట్ తరువాత పూర్తిగా మాయమయ్యాయి. గేమ్ సంస్థ వాటిని తిరిగి ఇవ్వలేదు, డబ్బు వాపసు చేయడానికీ ఒప్పుకోలేదు. ఈ తరహా గేమ్‌లలో డబ్బు ఎలా బయటికి లాగుతారో, కొన్నది పోయినప్పుడు కొనుగోలుదారు చేతిలో ఏం మిగులుతుందో ముందే తెలిస్తే మరికొందరైనా నష్టపోకుండా ఉంటారని ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ గేమ్‌ల డౌన్‌లోడ్ ఉచితం. మొదటి కొన్ని లెవెళ్లలో డబ్బు పెట్టవలసిన అవసరం ఎక్కడా కనిపించదు. ఏ పని చేయాలన్నా ఎనర్జీ ఖర్చవుతుంది గానీ, లెవెల్ పెరిగిన ప్రతిసారీ అది మళ్లీ నిండుతుంది, పైగా మొదటి లెవెళ్లు చాలా త్వరగా పెరుగుతాయి కనుక ఆట ఆగకుండా సాగుతుంది. కొంత ముందుకు వెళ్లాక లెవెల్ పెరగడానికి పట్టే సమయం ఎక్కువవుతుంది, ఒక్కో షూటింగ్‌కు కావలసిన ఎనర్జీ కూడా పెరుగుతుంది, అది తిరిగి నిండడం మాత్రం కొన్ని నిమిషాలకు ఒకటి చొప్పున అదే నెమ్మదితో సాగుతుంది. ఫలితంగా, ఒక షూటింగ్‌ను అయిదు స్టార్లతో ముగించాలంటే ఫోన్‌ను పక్కన పెట్టి గంటల తరబడి ఎదురుచూడాలి, లేదా డైమండ్లతో ఎనర్జీ కొనాలి. ఈ మార్పు ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా జరుగుతుంది కాబట్టి, గేమ్ ఎక్కడ నుంచి డబ్బు అడగడం మొదలుపెట్టిందో గుర్తించడం కష్టం.

మామూలు సిమ్యులేషన్ గేమ్‌లలో ఆలస్యమైతే పంట కోయడమో, భవనం కట్టడమో ఆలస్యమవుతుంది, అంతే. సెలబ్రిటీ గేమ్‌లలో ఆలస్యానికి శిక్ష ఉంటుంది, నేను మరీ అభ్యంతరపెట్టేది దీన్నే. గడువులోగా పని పూర్తి కాకపోతే అభిమానులు తగ్గుతారు, ర్యాంకు దిగజారుతుంది, గేమ్‌లోని వార్తల్లో మీ పాత్ర గురించి చెడు వ్యాఖ్యలు వస్తాయి, పోటీగా ఉన్న మరో పాత్ర మిమ్మల్ని దాటిపోయినట్టు చూపిస్తారు. సరిగ్గా ఆ క్షణంలోనే తక్కువ ధరకు ఎనర్జీ ప్యాక్ అంటూ తెర మధ్యలో ఆఫర్ తెరుచుకుంటుంది, దాని కింద సెకన్లు తగ్గుతూ ఉంటాయి. పరువు పోతుందన్న భయాన్ని కథలోనే పెట్టి, ఆ భయం తీవ్రంగా ఉన్న నిమిషంలో అమ్మకం జరపడం ఈ తరహా గేమ్‌ల పద్ధతి. గడువు ముగిసిపోయిందన్న ఆఫర్ నాకు కొంత విరామం తరువాత వేరే పేరుతో అదే ధరకు మళ్లీ కనిపించింది. కాబట్టి తగ్గుతున్న సెకన్లను చూసి ఏ నిర్ణయమూ తీసుకోకండి.

ధరల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. గేమ్‌లో నాణేలు ఒక రకం కరెన్సీ, డైమండ్లు మరొక రకం, ఈవెంట్లకు ప్రత్యేకమైన టికెట్లు ఇంకొక రకం. డబ్బుతో డైమండ్లు కొనాలి, డైమండ్లతో టికెట్లు కొనాలి, టికెట్లతో దుస్తుల పెట్టె తెరవాలి. ఇన్ని మెట్లు దాటాక ఆ దుస్తులకు నిజంగా ఎంత డబ్బు పడిందో లెక్క వేసుకోవడం దాదాపు అసాధ్యం. అదీ గాక, డైమండ్ ప్యాక్‌ల సంఖ్యలు వస్తువుల ధరలతో సరిపోవు. మీకు కావలసిన వస్తువుకు ఒక ప్యాక్ చాలదు, రెండు కొంటే కొన్ని మిగిలిపోతాయి, ఆ మిగిలినవాటితో ఏమీ రాదు గనుక మరొక ప్యాక్ కొనాలనిపిస్తుంది. ఇది నా ఒక్కరి ఫిర్యాదు కాదు. యూరోపియన్ యూనియన్ వినియోగదారుల రక్షణ అధికారుల బృందం 2025 మార్చిలో ప్రకటించిన సూత్రాలలో, గేమ్‌లోని వస్తువుల ధరను నిజమైన డబ్బులో కూడా స్పష్టంగా చూపించాలని, అవసరం లేని కరెన్సీని బలవంతంగా కొనిపించే పద్ధతులు మానుకోవాలని ఉంది. అదే ఏడాది జనవరిలో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్, జెన్షిన్ ఇంపాక్ట్ అనే గేమ్‌ను ప్రచురించే సంస్థతో 2 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్ ప్రకటించినప్పుడు, ఒకదాని మీద ఒకటిగా పేర్చిన కరెన్సీల మారకపు విలువను ఆటగాళ్లకు వెల్లడించాలన్న షరతు కూడా అందులో ఉంది. మీరు ఆడే గేమ్ ఆ విలువ చూపించకపోతే, ప్యాక్ ధరను డైమండ్ల సంఖ్యతో భాగించి ఒక్క డైమండ్‌కు ఎంత పడుతుందో కాగితం మీద రాసుకుని, ఆ తరువాతే ఏ వస్తువైనా చూడండి.

దుస్తుల పెట్టెల్లో ఏది వస్తుందో తెరిచేదాకా తెలియదు. ఏ వస్తువు వచ్చే అవకాశం ఎంత శాతమో కొనుగోలుకు ముందే చూపించాలని యాపిల్ తన యాప్ స్టోర్ నిబంధనల్లో 2017 డిసెంబరులో చేర్చింది, తరువాత గూగుల్ ప్లే కూడా అలాంటి నియమం పెట్టింది. అయితే ఆ శాతాలు చాలాసార్లు పెట్టె మూలన ఉన్న చిన్న గుర్తును నొక్కితే తప్ప కనబడవు. ఆ గుర్తు వెతికి, చదివి, ఆ తరువాత నిర్ణయించుకోండి. అవకాశాల శాతం ఎక్కడా లేకపోతే ఆ గేమ్‌లో డబ్బు పెట్టకండి.

ఇక నా విషయంలో జరిగిన అసలు నష్టం. నేను ఖాతాను మొదట్లోనే ఈమెయిల్ లాగిన్‌తో జోడించి ఉన్నాను, అది జోడించబడిందని గేమ్ కూడా చూపించేది. ఒక పెద్ద అప్‌డేట్ వచ్చాక గేమ్ తెరిస్తే, అదే లాగిన్‌తో ఒక కొత్త పాత్ర మొదటి దృశ్యం నుంచి ప్రారంభమైంది. సపోర్ట్‌కు రాస్తే ముందుగా ఆటోమేటిక్ జవాబు వచ్చింది, ఆ తరువాత ప్లేయర్ ఐడీ, అంటే పాత్రను గుర్తించే కోడ్, పంపమన్నారు. ఆ ఐడీ గేమ్ సెట్టింగ్స్ తెరలోనే ఉంటుంది, గేమ్‌లో ఇప్పుడు ఉన్నది కొత్త పాత్ర ఐడీ, పాత ఐడీ చూసే మార్గమే లేదు. స్టోర్ నుంచి వచ్చిన రసీదులు, వాటి మీది ఆర్డర్ నంబర్లు అన్నీ పంపాను. డబ్బు చెల్లించిన మాట నిజమేనని, అయితే ఆ కొనుగోళ్లు ఏ పాత్రకు చేరాయో రసీదుల ఆధారంగా తేల్చలేమని చెప్పారు. నేను పట్టుబట్టి మళ్లీ మళ్లీ రాశాక, గేమ్‌లోని వస్తువులకు నగదు విలువ లేదని, అవి కేవలం వాడుకునే అనుమతి మాత్రమేనని తమ నిబంధనల్లో ఉన్న వాక్యాన్ని అతికించి, ఫిర్యాదును ముగించేశారు. డబ్బు తీసుకున్న వారి దగ్గర ఆ డబ్బుకు ఇచ్చిన వస్తువు ఏమైందో చెప్పే వ్యవస్థ లేకపోవడాన్ని నేను ఏ విధంగానూ సమర్థించలేను.

ఇక్కడ చాలామందికి తెలియని సాంకేతిక విషయం ఒకటి ఉంది. యాప్ స్టోర్లలో జరిగే కొనుగోళ్లు ప్రధానంగా రెండు రకాలు. ప్రకటనలను శాశ్వతంగా తొలగించడం వంటి కొనుగోళ్లు మీ స్టోర్ ఖాతాలో నమోదై ఉంటాయి గనుక ఫోన్ మార్చినా, యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నా, రీస్టోర్ అనే బటన్‌తో తిరిగి వస్తాయి. డైమండ్లు, ఎనర్జీ, నాణేలు మాత్రం వాడితే అయిపోయే రకానికి చెందినవి. అవి గేమ్‌కు అందిన వెంటనే స్టోర్ దృష్టిలో ఆ లావాదేవీ పూర్తయిపోతుంది, ఆ తరువాత వాటి లెక్క ఉండేది గేమ్ సంస్థ సర్వర్లోనే. అందుకే రీస్టోర్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా డైమండ్లు రావు. ఆ డైమండ్లతో కొన్న దుస్తులు, ఇల్లు, వాహనాలు కూడా స్టోర్ రికార్డులో ఉండవు, ఎందుకంటే స్టోర్‌కు తెలిసింది డైమండ్ ప్యాక్ అమ్మకం ఒక్కటే. గెస్ట్‌గా, అంటే ఏ లాగిన్ జోడించకుండా, ఆడేవారి పరిస్థితి ఇంకా బలహీనం. వారి పాత్ర చాలా గేమ్‌లలో ఆ ఫోన్‌కే కట్టుబడి ఉంటుంది, ఫోన్ పాడైనా, యాప్ పొరపాటున తొలగించినా తిరిగి తెచ్చుకునే దారి మిగలకపోవచ్చు.

వీఐపీ సభ్యత్వం పేరుతో వచ్చే సబ్‌స్క్రిప్షన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కొన్ని రోజులు ఉచితం అంటూ మొదలయ్యే ఈ సభ్యత్వం, ఉచిత గడువు ముగియగానే డబ్బు తీసుకోవడం ప్రారంభిస్తుంది, మీరు రద్దు చేసేదాకా తనంతట తానే రెన్యువల్ అవుతూ ఉంటుంది. గేమ్‌ను ఫోన్ నుంచి తొలగిస్తే సభ్యత్వం రద్దు కాదు. స్టోర్ ఖాతాలోని సబ్‌స్క్రిప్షన్ల విభాగంలోకి వెళ్లి అక్కడ రద్దు చేయాలి. నా పాత పాత్ర మాయమయ్యాక కూడా దాని సభ్యత్వం రుసుము కొనసాగేదే, ఆ విభాగం చూసుకుని వెంటనే ఆపాను.

నిబంధనలన్నీ సక్రమంగా పాటించే గేమ్ అయినా ఏదో ఒక రోజు మూతపడవచ్చు, ఆ రోజున కొన్నవన్నీ దానితోనే పోతాయి. ఈ తరహా గేమ్‌లలో అత్యంత ప్రసిద్ధమైన కిమ్ కర్దాషియాన్: హాలీవుడ్‌ను గ్లూ మొబైల్ 2014 జూన్‌లో విడుదల చేసింది. చిట్టచివరి స్థాయి నుంచి 'ఏ-లిస్ట్', అంటే అగ్రశ్రేణి, తారగా ఎదగడమే అందులోని కథ. 2021లో గ్లూ సంస్థను ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కొనుగోలు చేసింది. 2024 జనవరిలో గేమ్‌ను స్టోర్ల నుంచి తీసివేసి, కొనుగోళ్లు నిలిపివేసి, ఆ ఏడాది ఏప్రిల్ 8న పూర్తిగా మూసేశారు. దాదాపు పదేళ్లు నడిచిన, అంత పేరున్న గేమ్‌కే ముగింపు వచ్చినప్పుడు, నిన్న మొన్న వచ్చిన గేమ్‌లో పెట్టే డబ్బు ఎంతకాలం నిలుస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. డిజిటల్ వస్తువు అమ్మేటప్పుడు, దొరుకుతున్నది యాజమాన్యం కాదని, లైసెన్సు మాత్రమేనని కొనుగోలుదారుకు స్పష్టంగా చెప్పకుండా కొనండి అనే మాట వాడకూడదని కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసింది, అది 2025 జనవరి 1 నుంచి అమలులో ఉంది. చాలా గేమ్‌లలో ఈ సంగతి ఇంకా ఎవరూ చదవని నిబంధనల పేజీలోనే దాగి ఉంటుంది. మీరు ఆడే గేమ్‌కు కొత్త కథలు రావడం ఆగిపోయి, పాత ఈవెంట్లే తిరిగి తిరిగి వస్తూ, డైమండ్ల మీద తగ్గింపులు మాత్రం పెరుగుతుంటే, డబ్బు పెట్టడం ఆపి కొంతకాలం వేచి చూడడం మంచిది.

మెరిసే దుస్తులు, అలంకరణ ఉన్న ఈ గేమ్‌లు పిల్లలను బాగా ఆకర్షిస్తాయి. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లలు యాప్‌లలో చేసిన కొనుగోళ్ల విషయంలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో కుదిరిన ఒప్పందాల ప్రకారం 2014లో యాపిల్ కనీసం 3.25 కోట్ల డాలర్లు, గూగుల్ కనీసం 1.9 కోట్ల డాలర్లు వాపసు ఇవ్వవలసి వచ్చింది. ఇప్పుడు రెండు స్టోర్లలోనూ ప్రతి కొనుగోలుకు పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటు ఉంది. పిల్లల చేతికి ఫోన్ వెళ్లే ఇంట్లో దాన్ని తప్పకుండా ఆన్ చేయండి.

ఇప్పటికే డబ్బు పోగొట్టుకున్నవారు ఆలస్యం చేయవద్దు. గూగుల్ ప్లేలో కొనుగోలు చేసి 48 గంటలు దాటకపోతే రీఫండ్ కోసం స్టోర్‌నే నేరుగా అడగవచ్చు, ఆ గడువు దాటితే సాధారణంగా గేమ్ సంస్థనే సంప్రదించమంటారు. యాపిల్‌లో సమస్యలను తెలియజేసే ప్రత్యేక పేజీలో మీ ఖాతాతో లాగిన్ అయి, ఆ కొనుగోలును ఎంచుకుని, కారణం రాసి కోరవచ్చు. వస్తువు అందలేదు, అందిన వస్తువు పోయింది అనే కారణాన్ని ఆధారాలతో సూటిగా రాయండి, గేమ్ నచ్చలేదన్న మాటలు అందులో కలపకండి. బ్యాంకు ద్వారా చెల్లింపును వెనక్కి తిప్పించుకోవాలనుకుంటే, అలా చేసిన ఖాతాలను గేమ్ సంస్థలు నిలిపివేయవచ్చన్న సంగతి తెలుసుకుని, స్టోర్ జవాబు వచ్చాకే ఆ అడుగు వేయండి.

ఇంకా ఆడుతున్నవారు ఈ రోజే గేమ్ సెట్టింగ్స్ తెరిచి ప్లేయర్ ఐడీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని ఫోన్‌లో కాకుండా ఈమెయిల్‌లో దాచుకోండి. మీ లెవెల్, డైమండ్ల సంఖ్య, దుస్తుల గది కూడా అలాగే తీసి పెట్టుకోండి. పెద్ద అప్‌డేట్ వేసుకునే ముందు ప్రతిసారీ ఈ పని మళ్లీ చేయండి, స్టోర్ పంపే రసీదులను చెరిపేయకండి. నా దగ్గర రసీదులన్నీ ఉన్నాయి, పాత ప్లేయర్ ఐడీ ఒక్కటే లేదు, సపోర్ట్ వారు నా ఫిర్యాదును తిప్పికొట్టింది ఆ ఒక్క కారణం మీదే.