మిరియాల చుట్టం: నెల్లూరు భోజనం పక్కన ఆర్బాన్ మోందూజ్

మా ఊళ్లో వైన్ షాపు అని బోర్డు ఉన్న చోట వైన్ తప్ప మిగిలినవన్నీ దొరుకుతాయి కనుక, ఇప్పుడు చెప్పబోయే సీసా నెల్లూరులో కొన్నది కాదు. ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో చదువుకుంటున్న మా మేనల్లుడు వేసవి సెలవులకు వస్తూ, విమాన ప్రయాణికులకు సుంకం లేకుండా అనుమతించే 2 లీటర్లు దాటకుండా చూసుకుని, రెండు ఎర్ర వైన్ సీసాలు తెచ్చాడు. ఒక్కొక్కటి 15 యూరోలట.

సీసా మీద ‘సవ్వా ఆర్బాన్ మోందూజ్’ అని ఉంది. ఆ మూడు మాటల్లో సవ్వా అనేది ఆల్ప్స్ పర్వతాలను ఆనుకుని, 1860లో ఫ్రాన్సులో కలిసిన సీమ. ఆర్బాన్ అనేది ఇజేర్ నది లోయలో ఎండ బాగా తగిలే వాలు మీది ఊరు. మోందూజ్ అనేది ద్రాక్ష రకం. ఈ ద్రాక్ష ఆలస్యంగా పండుతుంది. పైగా కొండ ప్రాంతపు రాత్రులు చల్లగా ఉండడం వల్ల కాయలో పులుపు విరిగిపోకుండా నిలుస్తుంది, ఆల్కహాలు కూడా తక్కువే ఉంటుంది. మా సీసాలో 12 శాతం. పందొమ్మిదో శతాబ్దం చివర ఫిలోక్సెరా అనే పురుగు ఐరోపా తోటలను నాశనం చేసినప్పుడు ఈ రకం కూడా బాగా దెబ్బతిన్నది. నాసిక్‌లో షిరాజ్ అనే ద్రాక్షతో చేసే ఎర్ర వైన్ తాగినవారికి దీని రుచి పూర్తిగా కొత్తగా ఉండదు, ఎందుకంటే షిరాజ్‌కు తల్లిదండ్రుల్లో ఒకటి తెల్ల మోందూజ్ అని 1998లో డీఎన్ఏ పరీక్షల్లో తేలింది, మా సీసాలోని నల్ల మోందూజ్ ఆ కుటుంబానికి దగ్గరి బంధువు.

ఎర్ర వైన్‌ను గది వేడిమిలోనే తాగాలని ఐరోపా వాళ్లు చెప్పే మాట నమ్మి, మొదటి గ్లాసు అలాగే పోశాను. వాళ్ల గది 17, 18 డిగ్రీలు, రోహిణి కార్తెలో మా గది 36 డిగ్రీలు. వైన్ కషాయంలా ఉంది. బిరడా తిరిగి బిగించి, స్టీలు బకెట్లో ఐసుగడ్డలు, నీళ్లు పోసి పావుగంట ముంచి తీశాక అసలు రుచి తెలిసింది. రంగు అచ్చంగా నేరేడు పండు రంగు, నాలుక మీద మిగిలే వగరు కూడా నేరేడుదే. వయొలెట్ పూల వాసన ఉంటుందంటారు కానీ ఆ పువ్వును నేను చూసి ఎరగను. నాకు తగిలింది మాత్రం అప్పుడే దంచిన మిరియాల ఘాటు, అది కల్పన కూడా కాదు: మిరియానికి ఆ వాసన ఇచ్చే రొటుండోన్ అనే పదార్థమే ఈ ద్రాక్ష తొక్కలోనూ ఉంటుంది. షిరాజ్‌లో దాన్ని గుర్తించిన ఆస్ట్రేలియా పరిశోధకుల పరీక్షలో ఐదుగురిలో ఒకరికి ఆ వాసన అసలు తెలియలేదు. మా బావగారు ఆ ఐదో మనిషి కాబోలు, “మిరియాలెక్కడున్నాయిరా?” అంటూ గ్లాసు మూడుసార్లు వాసన చూశారు.

అందుకే దీనికి అన్నింటికంటే కుదిరింది మా ఆవిడ చేసిన నాటుకోడి మిరియాల వేపుడు. ఎండుమిర్చి తగ్గించి, మిరియాలు కచ్చాపచ్చాగా దంచి, చివర్లో కరివేపాకుతో వేయించిన ఆ ముక్కలు నమిలి ఒక గుక్క తాగితే కోడి కొవ్వు నోట్లోంచి శుభ్రంగా కడిగినట్టు పోయి, మిరియం మాత్రం రెట్టింపై నిలిచింది. సవ్వాలో దీనితో పంది మాంసపు సాసేజీలు, బోఫోర్ చీజు తింటారట. ఆ జతలోనూ కొవ్వును విరిచే పని పులుపుదీ వగరుదే. మర్నాడు గోంగూర మాంసంతో తాగాం. కూరలోని పులుపు ముందు వైన్ పులుపు వెనక్కి తగ్గి, పండు రుచి పైకి వచ్చింది, నేను ఊహించనిది ఇదే. అయితే కారం మా ఇంటి కొలతలో పడితే వగరు, మంట కలిసి నాలుకను గీరతాయి. ఇది మిరియానికి చుట్టమే గాని మిరపకాయకు కాదు.

మామిడికాయ వేసిన చేపల పులుసుతో మాత్రం ఓడిపోయింది. ఎర్ర వైన్‌లోని ఇనుము చేప నూనెతో కలిసినప్పుడు నీచు వాసన పైకి లేస్తుంది. రాత్రంతా ఊరిన వంజరం ముక్క, దాని వెనుక ఒక గుక్క, నోట్లో తుప్పు పట్టిన మేకు. మేనల్లుడు మొహమాటపడుతూ “పులుసు వేడిగా ఉందేమో, మామయ్యా” అని వైన్‌ను వెనకేసుకొచ్చాడు గానీ, రెండో ముద్దకు తనే గ్లాసు పక్కకు జరిపి మజ్జిగ అడిగాడు.