ఏడీ8138 వాడకం: రెండు అవుట్‌పుట్లు సమంగా రానప్పుడు

అనలాగ్ డివైసెస్ వాళ్ల డిఫరెన్షియల్ యాంప్లిఫయర్ చిప్ ఏడీ8138ని కొన్నేళ్లుగా ఏడీసీల (అనలాగ్ సిగ్నల్‌ని డిజిటల్ అంకెలుగా మార్చే చిప్‌ల) ముందు వాడుతున్నాను. సింగిల్ ఎండెడ్ సిగ్నల్‌ని (గ్రౌండ్‌తో పోల్చి ఒకే తీగ మీద వచ్చేదాన్ని) డిఫరెన్షియల్‌గా, అంటే ఒకదానికొకటి ఎదురుగా కదిలే రెండు అవుట్‌పుట్లుగా మార్చడానికి నాకు బాగా నచ్చిన చిప్ ఇది. దీని మీద నేను ఎక్కువగా వినే ఫిర్యాదు, రెండు అవుట్‌పుట్లు సమంగా రావట్లేదని. వినగానే చాలామంది ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్లు (అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి వెనక్కి కలిపేవి) పీకేసి 0.1 శాతంవి వేస్తారు. తప్పు చాలాసార్లు అక్కడ ఉండదు.

ఈ చిప్ లోపల కామన్ మోడ్‌కి, అంటే రెండు అవుట్‌పుట్ల సగటుకి, విడిగా ఒక ఫీడ్‌బ్యాక్ లూప్ ఉంది. ఆ సగటు ఎంత ఉండాలో చెప్పే వీఓసీఎం పిన్ మీదున్న వోల్టేజీకి సమానంగా ఉండేలా అది పట్టి ఉంచుతుంది. బయటి రెసిస్టర్లలో కాస్త తేడా ఉన్నా సరే, ఒకటి ఎంత పైకి వెళ్తే రెండోది అంత కిందికి రావాల్సిందే. అందుకే ఆసిలోస్కోప్ మీద రెండు సైన్ వేవ్‌ల ఎత్తు వేరుగా కనిపిస్తే నేను మొదట ప్రోబ్‌లు అటూ ఇటూ మారుస్తాను. తేడా కూడా ప్రోబ్‌తో పాటే అటు వెళ్లిపోతే సర్క్యూట్ జోలికి పోనక్కర్లేదు, ప్రోబ్ కాంపెన్సేషన్ (ప్రోబ్ మీదుండే సర్దుబాటు) సరిచేసుకుంటే చాలు.

రెసిస్టర్ల తేడా బయటపడేది డీసీలో. నా బోర్డు 5 వోల్టుల సింగిల్ సప్లై మీద నడుస్తుంది. వీఓసీఎం 2.5 వోల్టులు, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్లు, గెయిన్ రెసిస్టర్లు (ఇన్‌పుట్ వైపువి) 499 ఓంలు, సోర్స్ (సిగ్నల్ ఇచ్చే జనరేటర్) 50 ఓంలు. ఇన్‌పుట్ దగ్గర కేబుల్‌కి సరిపడేలా గ్రౌండ్‌కి 54 ఓంల టర్మినేషన్ రెసిస్టర్ పెట్టాక, సోర్స్‌తో కలిపి ఆ వైపు గెయిన్ రెసిస్టర్‌కి సుమారు 26 ఓంలు అదనంగా చేరతాయి. కాబట్టి రెండో వైపు గెయిన్ రెసిస్టర్ 499 బదులు 523 వేయాలి. వేయకపోతే సిగ్నల్ ఏమీ లేకుండానే అవుట్‌పుట్ల మధ్య 60 మిల్లీవోల్టుల దాకా నిలబడుతుంది. సరిగ్గా వేసిన బోర్డులో కూడా జనరేటర్ కేబుల్ ఊడదీస్తే దాదాపు అంతే తేడా వస్తుంది, ఎందుకంటే సోర్స్ 50 ఓంలు పోయి టర్మినేషన్ ఒక్కటే మిగులుతుంది. మల్టీమీటర్‌తో ఆఫ్‌సెట్ చూసేటప్పుడు కేబుల్ ఉంచే చూడండి.

గెయిన్ పెంచినప్పుడు వచ్చే ఇబ్బంది వేరు. ఇదే సప్లై మీద గెయిన్ 10 పెడితే (ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ గెయిన్ రెసిస్టర్‌కి పదింతలు) చిప్ ఇన్‌పుట్ పిన్‌లు 2.5లో పదకొండో వంతుకి, అంటే సుమారు 0.23 వోల్టులకి దిగిపోతాయి. గ్రౌండ్‌కి అంత దగ్గరలో ఈ చిప్ సరిగ్గా పనిచేయదు, వేవ్ ఒక వైపు నొక్కుకుపోతుంది. ఇది రెసిస్టర్లు మారిస్తే పోయేది కాదు, నెగెటివ్ సప్లై ఇవ్వాల్సిందే.

లేఅవుట్‌లో ఇన్‌పుట్ పిన్‌ల కింద గ్రౌండ్ ప్లేన్ తీసేయండి. వీఓసీఎం పిన్‌కి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ దగ్గరగా పెట్టండి.

నాకు నచ్చనిది కరెంట్. ఒక్క చిప్పే సుమారు 20 మిల్లీఆంపియర్లు లాగుతుంది, బ్యాటరీ పరికరాల్లో మాత్రం దీన్ని వాడను.