ఆడమ్స్ రిబ్: మొగుడు పీపీ, పెళ్లాం డిఫెన్సు

మొగుడూ పెళ్లాం ఇద్దరూ లాయర్లే. ఒకే కేసులో చెరోవైపు: ఆయన పీపీ, అంటే ప్రభుత్వం తరఫున వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటరు, ఆవిడ నిందితురాలి తరఫున. ఈ ముడి మీద నడిచే కోర్టు కథలు చాలా వచ్చాయి కానీ, న్యాయవాదులు కూర్చుని లెక్కగా చూడదగ్గది మాత్రం 1949లో ఎంజీఎం స్టూడియో తీసిన 'ఆడమ్స్ రిబ్'. జార్జ్ క్యూకర్ దర్శకుడు. స్పెన్సర్ ట్రేసీ, కేథరిన్ హెప్‌బర్న్ జంట. కథ రాసిన గార్సన్ కేనిన్, రూత్ గోర్డన్ కూడా నిజజీవితంలో భార్యాభర్తలే. నలుపు తెలుపు, 101 నిమిషాలు. థ్రిల్లర్ అనుకుని కూర్చుంటే మాత్రం ఆదిలోనే నీరుగారిపోతారు. ఎవరు కాల్చారు, ఎవరిని, ఎందుకు అన్నీ మొదటే చూపించేస్తారు. ఉత్కంఠంతా కోర్టు ముగిశాక ఇంటికి చేరిన ఆ ఇద్దరి మధ్యే ఉంటుంది. బెజవాడ కోర్టుల్లో జూనియర్లుగా తిరుగుతున్నవాళ్లూ, ఇక్కడో గుంటూరులోనో లా చదువుతున్నవాళ్లూ చూడాల్సిన సినిమా ఇది. మన చట్టాలు పక్కన పెట్టుకుని చూస్తే ఇంకా గిట్టుబాటు.

కథ రెండు ముక్కల్లో చెప్పొచ్చు. న్యూయార్క్‌లో డోరిస్ అనే ఇల్లాలు మొగుడి వెంటపడి వెళ్లి, అతను వేరే ఆవిడతో ఉండగా తుపాకీ పేలుస్తుంది. అతను గాయపడతాడు, బతుకుతాడు. ప్రాసిక్యూషన్ తరఫున ఆడమ్ బానర్‌కి ఆ కేసు అప్పగిస్తారు. ఇదే పని మగాడు చేస్తే లోకం సర్దుకుపోయేది కదా, ఆడదానికి వేరే చట్టమా అని ఆడమ్ భార్య అమాండా డోరిస్ వకాలతు పుచ్చుకుంటుంది. వద్దని ఆడమ్ బతిమాలినా వినదు.

ఈ కేసు విజయవాడ సెషన్స్ కోర్టులో పడితే ఏమవుతుంది? 2024 జులై 1 తర్వాత జరిగిన నేరమైతే భారతీయ న్యాయ సంహిత 109 సెక్షన్, అంటే పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 307, హత్యాయత్నం. గాయం కూడా అయింది కాబట్టి శిక్ష యావజ్జీవం దాకా పోవచ్చు. మన డిఫెన్సు లాయరు మొదట వెతికేది దానికన్నా తక్కువ నేరమైన 110కి, అంటే పాత 308కి దించే దారి: తీవ్రమైన, ఆకస్మికమైన రెచ్చగొట్టుడు. అది నిలబడితే గాయమైనా ఏడేళ్లు దాటదు. కానీ డోరిస్ తుపాకీ కొనుక్కుంది, మొగుణ్ణి వెంబడించింది, తలుపు బయట నిలబడి తుపాకీతో వచ్చిన సూచనల పుస్తకం చదువుకుంది. ఆ పుస్తకం సీజరు పంచనామాలోకి, అంటే పోలీసులు స్వాధీనం చేసుకున్న వస్తువుల పత్రంలోకి ఎక్కితే 'ఆకస్మికం' అన్న మాట అక్కడే చచ్చిపోతుంది. థియేటర్లో నవ్వు పుట్టించే ఆ షాటు పీపీ చేతికి దొరికితే నవ్వులాట కాదు. పైగా లైసెన్సు లేని తుపాకీ అయితే ఆయుధాల చట్టం 25 అదనంగా తగులుకుంటుంది. స్త్రీ పురుష సమానత్వం వాదించి ఆ చార్జి నుంచి బయటపడలేరు. అక్కడ డిఫెన్సు చూసుకోవాల్సింది 39 సెక్షన్: జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి ఉత్తర్వు ఫైల్లో ఉందా, దాని తేదీ కోర్టు కేసు చేపట్టక ముందుదేనా. కాగితం లేకపోతే ఆ చార్జి కూలిపోతుంది. అమాండా ఉపన్యాసాలన్నీ కలిపినా చేయలేని పని ఆ ఒక్క తేదీ చేస్తుంది.

అసలు అమాండా వాదనంతా జ్యూరీ కోసం, అంటే దోషా కాదా తేల్చే మామూలు పౌరుల బృందం కోసం కట్టిన వాదన. మీ ముందున్నది ఆడది కాదు, మగాడు అనుకోండి అని చెబుతుంటే తెర మీద ఆడవాళ్లు మగవాళ్లుగా, మగవాళ్లు ఆడవాళ్లుగా మారిపోయి కనిపిస్తారు. జ్యూరీ కరుగుతుంది. మనకు 1959లో, భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నౌకాదళ అధికారి నానావతి కేసులో బొంబాయి జ్యూరీ ఇలాగే కరిగింది. 8-1 తేడాతో నిర్దోషి అంది. సెషన్స్ జడ్జి ఒప్పుకోక కేసు హైకోర్టుకి పంపారు. చివరికి 1961లో సుప్రీంకోర్టు యావజ్జీవం ఖాయం చేసింది. కోపం చల్లారేంత సమయం మధ్యలో దొరికింది కాబట్టి ఆకస్మికం కాదు అన్నది అక్కడి లెక్క. ఆ కొలబద్ద పెడితే డోరిస్ నానావతి కన్నా ముందే ఓడిపోతుంది. అందుకే ఈ సినిమా తీర్పును మన కోర్టుకి నమూనా అనుకోకూడదు. జడ్జి ఒక్కరే కూర్చుని కారణాలు రాసి సంతకం పెట్టాల్సిన చోట ఆ తీర్పు రాయడం కుదరదు.

ఇక అసలు విషయం. భార్యాభర్తలు చెరోవైపు వాదించవచ్చా? బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో స్పష్టమైన నిషేధం ఉన్నది జడ్జి బంధువైనప్పుడు. భర్త జడ్జిగా ఉన్న కోర్టులో భార్య హాజరు కాకూడదు. అవతలి లాయరు మొగుడైతే కాకూడదని నేరుగా రాసిలేదు. ఉన్నదల్లా వెల్లడించే బాధ్యత: వకాలతు తీసుకునేటప్పుడే, కక్షిదారు నిర్ణయాన్ని మార్చగల సంబంధాలన్నీ దాపరికం లేకుండా చెప్పాలి. సినిమా ఇక్కడే తప్పించుకుంది. 'అమ్మా, నిన్ను జైలుకి పంపాలని చూసేది మా ఆయనే, నీకు సమ్మతమేనా' అన్న ముక్క మీద డోరిస్‌తో ఒక పూర్తి సన్నివేశం నడపాల్సింది, నడపలేదు. ఇలాంటి కేసు నిజంగా వస్తే ఆ సమ్మతిని తెలుగులో రాయించి, చదివి వినిపించి, సంతకం తీసుకుని ఫైల్లో పెట్టుకోవాలి. నోటిమాట చాలదు. శిక్ష పడ్డాక ఏ కక్షిదారైనా మొదట అనుమానించేది ఆ సంబంధాన్నే.

బెజవాడలో దీనికి ఇంకో చిక్కుంది. దంపతులు ప్రాక్టీసు చేసే ఆఫీసులో గుమస్తా ఒకడే, కేసుల డైరీ ఒకటే, వకాలతు మీద అచ్చేసిన పేర్లు రెండూ పక్కపక్కనే. పాత స్టేషనరీ తీసి వాడేస్తే డిఫెన్సు వకాలతు మీద పీపీగారి పేరు కూడా పడుతుంది. అంతకన్నా ప్రమాదం సీడీ ఫైలు, అంటే పోలీసులు దర్యాప్తులో రాసుకునే కేసు డైరీ. చార్జిషీటుతోపాటు నాగరిక్ సురక్షా సంహిత (కొత్త క్రిమినల్ ప్రొసీజరు చట్టం) 230 కింద వచ్చే కాపీలు డిఫెన్సుకి హక్కు. పోలీసుల కేసు డైరీ కాదు. 192 దాన్ని నిందితుడికీ, అతని తరఫువాళ్లకీ అందనివ్వదు. పోలీసు సాక్షి దాన్ని చూసి గుర్తు తెచ్చుకుంటేనో, అతని మాట తప్పని చూపడానికి కోర్టు వాడుకుంటేనో తప్ప. ఆ ఫైలు సాయంత్రం పీపీగారి బల్లమీద, అదే ఇంట్లో, డిఫెన్సు లాయరు కాఫీ పెట్టుకునే గదికి నాలుగడుగుల దూరంలో ఉంటుంది. థ్రిల్లర్ రాసేవాళ్లకి ఇంతకన్నా ముడిసరుకు ఏం కావాలి? భార్యాభర్తల మాటలకు సాక్ష్య అధినియం 128 రక్షణ ఉంది కదా అంటారు కొందరు. ఆ రక్షణ బోనెక్కినప్పటి సంగతి. కక్షిదారు రహస్యం భోజనాల దగ్గర చెప్పుకోవడానికి అనుమతి కాదు, దానికి 132 అడ్డం ఉంది.

సినిమా ఊహకి ఆధారం కూడా నిజమే. నటులు రేమండ్ మాసీ, ఏడ్రియన్ ఆలెన్ విడాకుల్లో చెరోవైపు నిలబడిన లాయరు జంట విట్నీ దంపతులు, ఆ కేసు అయ్యాక తామూ విడిపోయి చెరో కక్షిదారునీ పెళ్లాడారు. సినిమా అంత దూరం పోలేదు.

నటనలో మార్కులు డోరిస్ వేసిన జూడీ హాలిడేకి. జైల్లో లాయరు, కక్షిదారు మాట్లాడుకునే సన్నివేశం ఒకే షాటులో నిమిషాల తరబడి నడుస్తుంది. హెప్‌బర్న్ కెమెరాకి దాదాపు వీపు పెట్టి కూర్చుని సీనంతా హాలిడేకి వదిలేసింది. కక్షిదారును ఎలా మాట్లాడనివ్వాలో జూనియర్లు ఇందులో చూసి నేర్చుకోవచ్చు: ప్రశ్న చిన్నది, జవాబు పొడుగు, మధ్యలో దూరడం లేదు. కోర్టులో పెన్సిల్ పడేసి బల్ల కిందినుంచి మొగుడూ పెళ్లాం సైగలు చేసుకోవడం సరదాగా ఉంటుంది. సర్కస్ వస్తాదు లాంటి ఆవిడ సాక్షిగా వచ్చి ఆడమ్‌ని అమాంతం పైకెత్తడం మాత్రం అతి. సంబంధం లేని సాక్ష్యమని పీపీ లేచి అనేలోపే మన జడ్జీలు ఆపేస్తారు. పక్కింటి పాటలాయన కిప్ పాత్ర విసుగు.

చివరి మలుపు తెలుసుకోకూడదనుకునేవాళ్లు ఈ పేరా దాటెయ్యండి. కేసు ఓడిన ఆడమ్, కిప్‌తో ఉన్న అమాండా మీదికి తుపాకీ ఎత్తుతాడు. 'ఎవరికీ ఆ హక్కు లేదు' అని ఆవిడ అరుస్తుంది. ఆ మాట కోసమే ఎదురుచూసిన ఆడమ్ తుపాకీని కొరుక్కు తింటాడు. అది తినే మిఠాయి తుపాకీ. సాక్షి కోర్టులో చెప్పినదాన్ని అంతకుముందు చెప్పినదాని పక్కన పెట్టి కాంట్రడిక్ట్ చేయడం ఎలాగో సినిమాలో సరిగ్గా చూపించింది ఇక్కడొక్కచోటే. బోను లేదు, జడ్జి లేరు, ప్రశ్న కూడా లేదు.

చూసేవాళ్లకు ఒక సూచన. ట్రేసీ, హెప్‌బర్న్ ఒకరి మాట మీద ఒకరు మాట్లాడతారు, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ తప్పనిసరి. మూట్ కోర్టుకి, అంటే లా విద్యార్థుల సాధన కోర్టుకి వాడుకునేవాళ్లు విచారణ భాగం విడిగా వేసి, ఒక్కో ప్రశ్న దగ్గర ఆపి, లీడింగా (జవాబు ప్రశ్నలోనే అందించేదా), సంబంధం లేనిదా, అభ్యంతరం ఎవరు చెప్పాలి అని రాయించండి. తీర్పు దగ్గర ఆపేసి, కారణాలతో జడ్జిమెంటు పిల్లల చేతే రాయించండి. నిర్దోషి అని రాయబోయినవాళ్లు ఆ తుపాకీ పుస్తకం దగ్గరికొచ్చేసరికి ఆగుతారు.