కాకర్ స్పానియల్ బొచ్చు ఇంట్లోనే తీయడానికి నేను వాడిన పనిముట్లు: ఏది ఉంచుకున్నాను, ఏది పారేశాను

మా జున్ను కాకర్ స్పానియల్, ఆడది, ఐదేళ్ళు, 12 కిలోలు. బెల్లం వేసి వండిన జున్ను రంగులో ఉంటుందని ఆ పేరు పెట్టాం. రెండేళ్ళ కిందట పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. ఆ తర్వాత నుంచి వీపు మీద పట్టులా అణిగి ఉండే బొచ్చు కాస్తా దూదిలా ఉబ్బడం మొదలైంది. స్పానియల్స్‌లో ఆపరేషన్ అయ్యాక ఇలా మారడం మామూలేనని డాక్టర్ గారు చెప్పారు. మాది వైజాగ్, ఇక్కడి ఉక్కలో ఆ దూది కింద చర్మం ఎప్పుడూ చెమ్మగానే ఉండేది. సరేనని గ్రూమింగ్‌కి తీసుకెళ్తే మిషన్ పెట్టి వీపంతా గొరిగేసి పంపారు. మూడు నెలలకి మళ్ళీ వచ్చిన బొచ్చు ఇంకా ఉన్నిలా, రంగు వెలిసిపోయి వచ్చింది.

ఎందుకలా అయిందో తర్వాత తెలిసింది. కాకర్‌కి రెండు పొరలు ఉంటాయి, పైన నిగనిగలాడే పొడుగు వెంట్రుక, కింద మెత్తటి ఉన్ని. మిషన్ రెండింటినీ ఒకే ఎత్తుకి కోసేస్తుంది, ఊడిపోవాల్సిన చచ్చిన వెంట్రుక మాత్రం కుదుళ్ళలో అలాగే ఉండిపోతుంది, పైగా ఉన్ని తొందరగా పెరిగి పైపొరని మింగేస్తుంది. మనం చేయాల్సింది ఆ చచ్చిన ఉన్నిని బయటికి లాగడం, ఎండ చర్మానికి తగలకుండా కాపాడే పైపొరని ఉంచడం. స్ట్రిప్పింగ్ పనిముట్లన్నీ దీనికోసమే. గత ఏడాదిన్నరలో నాలుగు రకాలు వాడాను.

మొదట కొన్నది ఆన్‌లైన్‌లో 300 చిల్లరకి దొరికిన రేక్, జర్మనీలో సోలింగెన్‌లో తయారయ్యే మార్స్ కోట్ కింగ్‌ని చూసి చేసిన నకలు. కొక్కెంలా వంగిన బ్లేడ్లు వరుసగా ఉంటాయి, కొక్కెం లోపలి వైపు పదును, బయటి వైపు గుండ్రం. అసలు దాంట్లో చర్మానికి తగిలేది ఆ గుండ్రటి వీపే. నాకొచ్చిన నకలులో చివరలు సరిగ్గా నునుపు చేయలేదు. అది నేను చూసుకోలేదు. రెండో రోజే చెవి పక్కన దువ్వుతుంటే చెవి అంచు తెగింది. పెసరగింజంత గాయం, కానీ చెవి అంచు తెగితే రక్తం ఆగదండీ, జున్ను తల విదిలించిన ప్రతిసారీ గోడ మీద, నా చీర మీద చుక్కలు. అత్తయ్య పరుగున వచ్చి శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకున్నారు, తర్వాత చెవిని తల మీదకి మడిచి మెత్తటి బ్యాండేజీ చుట్టి డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్ళాం. కుట్లు పడలేదు. కానీ నెల రోజుల పాటు దువ్వెన చూస్తే చాలు జున్ను మంచం కిందకి వెళ్ళిపోయేది, అది చూస్తే నాకు కడుపులో దేవినట్టు ఉండేది.

అందుకే ఇప్పుడు ఏ పనిముట్టు కొన్నా ముందు నా ముంజేతి లోపలి వైపు, మెత్తటి చర్మం మీద మెల్లగా గీసి చూస్తాను. గీరుకున్నట్టు అనిపించినా, తెల్లటి గీత పడినా దాన్ని కుక్క దగ్గరికి తీసుకెళ్ళను.

తర్వాత అసలు కోట్ కింగే కొన్నాను, 20 బ్లేడ్లది. ఈ సంఖ్య చూసుకోవడం ముఖ్యం. ఒకే వెడల్పులో బ్లేడ్లు తక్కువైతే మధ్య సందు ఎక్కువ, గరుకు బొచ్చు జాతులకి అవి. కాకర్ లాంటి మెత్తటి బొచ్చుకి ఎక్కువ బ్లేడ్లున్నది తీసుకోవాలి. నేను మొదట కొన్న నకలు 12ది, జున్నుకి అసలు సరిపడనిది. కొత్తది వీపు మీద, మెడ వెనక, పక్కటెముకల మీద బాగా పనిచేస్తుంది, పది నిమిషాల్లో గుప్పెడు ఉన్ని వస్తుంది. ఎడమ చేత్తో చర్మాన్ని కాస్త బిగువుగా పట్టుకుని, బొచ్చు పడుకున్న దిక్కుకే, పొట్టి పొట్టిగా, దాని బరువు మీదే జారనివ్వాలి తప్ప నొక్కకూడదు. ఒకే చోట వరుసగా నాలుగైదు సార్లకి మించి గీయను, ఎందుకంటే ఎక్కువైతే అది లాగడం మానేసి కోయడం మొదలుపెడుతుంది, పైబొచ్చు మెట్లు మెట్లుగా కనిపిస్తుంది.

కోస్తోందా లాగుతోందా అన్నది ఎలా తెలుస్తుందంటే, పళ్ళలో చిక్కిన వెంట్రుకలు నాలుగు తీసి తెల్ల కాగితం మీద పెట్టి వెలుతురులో చూడండి. ఊడి వచ్చినది పొడుగ్గా ఉంటుంది, రెండు కొసలూ సన్నబడి ఉంటాయి. కోసినదైతే పొట్టి ముక్క, ఒక కొస కత్తెర పెట్టినట్టు తిన్నగా ఉంటుంది. ఎవరి రివ్యూ కన్నా నాకు ఈ కాగితం మీదే నమ్మకం, ప్రతి వారం చూస్తాను. పొట్టి ముక్కలు ఎక్కువ కనిపించిన రోజు అక్కడితో ఆపేస్తాను.

ఫర్మినేటర్ అనే సన్నటి పళ్ళ దువ్వెన కూడా వాడాను, మా మరిది అమెరికా నుంచి తెచ్చాడు. నిజం చెప్పాలంటే కాకర్‌కి ఇది రెండో వరస. చాలా ఉన్ని తీస్తుంది, పిడి మీద మీట నొక్కితే చిక్కిన బొచ్చు రాలిపోవడం కూడా బాగుంది, కానీ దాని సన్నటి పళ్ళు ఉన్నితో పాటు పైన నిగనిగలాడే వెంట్రుకని కూడా తుంచేస్తున్నాయి, కాగితం పరీక్షలో అదే కనిపించింది. పొట్టి బొచ్చు లాబ్రడార్ ఉన్నవాళ్ళకి నేను సంతోషంగా చెబుతాను. మాకైతే బొచ్చు బాగా రాలే రోజుల్లో నెలకోసారి, అదీ వీపు మీద మాత్రమే.

అన్నిటికన్నా నాకు నచ్చింది పెద్దగా ఖర్చు లేని జత. ఒకటి, మడమలు రుద్దుకునే నల్ల రాయి, కొత్తది, జున్ను ఒంటి మీది చచ్చిన ఉన్ని లాగడానికి విడిగా ఉంచింది. రెండోది, బ్యాంకులో నోట్లు లెక్కపెట్టేవాళ్ళు వేలికి తొడుక్కునే రబ్బరు తొడుగు, స్టేషనరీ షాపులో దొరుకుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ తొడుక్కుని, తల మీద పిచ్చిగా లేచి నిలబడే దూది వెంట్రుకల్ని కొద్దికొద్దిగా పట్టి పెరిగే దిక్కుకి లాగితే చచ్చినవి ఏ నొప్పీ లేకుండా ఊడి వస్తాయి. రాని వెంట్రుక ఇంకా బతికే ఉందన్నమాట, దాన్ని వదిలేయాలి. పదును లేదు కాబట్టి నుదురు మీద, కళ్ళ దగ్గర నేను వేళ్ళు తప్ప ఇంకేదీ వాడను. టైమ్ పడుతుంది, నిజమే, తలకే రెండు సాయంత్రాలు. అత్తయ్య ఒళ్ళో తల పెట్టుకుని స్పూనుతో పెరుగన్నం పెడుతుంటే జున్ను నిద్రలోకి జారిపోతుంది.

పదునున్న ఏ పనిముట్టూ పెట్టకూడని చోట్లు ఇవి: చెవి అంచులు, చంకలు, పొట్ట కింద, తొడ పొట్టకి కలిసే చోట ఉండే పల్చటి మడత, చనుమొనల చుట్టూ, వెనక కాళ్ళ కీళ్ళు, తోక కింద. పొట్ట దగ్గరి మడత ముఖ్యంగా, బొచ్చులో అది కనిపించదు, పళ్ళలో ఇరుక్కుంటే చర్మమే చీలుతుంది. చిక్కుల మీద కూడా వద్దు. రుషికొండ బీచ్‌కి వెళ్ళొచ్చిన ప్రతిసారీ జున్ను చెవుల కింద ఇసుకతో ఉండలు కడతాయి, వాటికి కాస్త కార్న్‌ఫ్లోర్ రాసి వేళ్ళతో విడదీసి, ఆ తర్వాత వెడల్పు పళ్ళ స్టీలు దువ్వెన. కత్తెరతో ఉండని కోయాలని చూడకండి, చర్మం ఆ ఉండలోకి లాక్కుపోయి ఉంటుంది.

మొదలుపెట్టే ముందు చేత్తో ఒళ్ళంతా తడుముతాను, పిడుదులు, పులిపిర్లు, పుండ్లు ఏమన్నా తగులుతాయేమోనని. వీటి మీద పళ్ళు పడితే రక్తమే. తడి బొచ్చు మీద అసలు చేయను. చర్మం గులాబీ రంగుకి తిరిగితే ఆ రోజుకి చాలు, ఆ వెంటనే స్నానం చేయించను, షాంపూ మండుతుంది. ఒక విడతకి పది పదిహేను నిమిషాలు, వారానికి ఒకసారి. ఎర్రబడిన చోట్లు, దురద, చెవిలో వాసన ఉంటే పనిముట్లన్నీ డబ్బాలో పెట్టేసి డాక్టర్ గారికి చూపించండి.

ఒకటే కొనగలిగితే కోట్ కింగ్ 20 బ్లేడ్లది కొనండి. మిగతా డబ్బుతో మంచి స్టీలు దువ్వెన, ఆ రబ్బరు తొడుగులు ఒక ప్యాకెట్. బ్లేడ్ల మధ్య చిక్కిన బొచ్చుని మీ వేళ్ళతో కాకుండా పాత టూత్‌బ్రష్‌తో తీయండి, నా బొటనవేలు రెండుసార్లు తెగింది. మా జున్ను వీపు మీద ఎనిమిది నెలలకి పాత బెల్లం రంగు మళ్ళీ కనిపిస్తోంది, తోక మొదట్లో మాత్రం ఇంకా దూదే.