పసిబిడ్డ నోట్లో తిత్తి: ఆగి చూడాలా, సూదితో లాగాలా, కోసి తీయాలా?

అప్పుడే పుట్టిన బిడ్డ చిగుళ్ల మీదో, అంగిట్లోనో తెల్లటి పూసల్లాంటివి కనిపిస్తే టెన్షన్ అక్కర్లేదు. అంగిట్లో వచ్చేవాటిని ఎప్‌స్టీన్ ముత్యాలంటారు. సాధారణంగా ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లే ఉంటాయి, చాలామంది పిల్లల్లో కనిపిస్తాయి, కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయి. గిల్లకుండా, గుడ్డతో రుద్దకుండా ఉంటే చాలు.

అసలు చిక్కు అరుదుగా వచ్చే పెద్ద తిత్తులతోనే (తిత్తి అంటే ద్రవం నిండిన సంచి, ఇంగ్లిష్‌లో సిస్ట్). లాలాజలం చేరి నాలుక కింద నీలంగా ఉబ్బే రాన్యులా, నాలుకలోనో దాని కిందో పేగు లేదా జీర్ణాశయం పొరతో ఏర్పడే డూప్లికేషన్ సిస్ట్, నాలుక మొదట్లో దాగి ఉండే వలెక్యులర్ సిస్ట్ అలాంటివి. వీటికి ఏ చికిత్స అన్నది తిత్తి సైజు ఒక్కటే చూసి తేల్చరు. బిడ్డకు ఊపిరి సరిగా ఆడుతోందా, పాలు తాగగలుగుతోందా? ముందు చూడాల్సింది ఇదే.

రెండూ బాగుండి, ఉన్నది చిన్న రాన్యులా అయితే నా ఓటు ఆగి చూడటానికే. కొన్ని వాటంతటవే చితికి తగ్గిపోతాయి. పైగా నెలల పిల్లకు మత్తు ఇవ్వడం కంటే అప్పుడే పుట్టిన బిడ్డకు ఇవ్వడం ఎక్కువ రిస్కు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే మరీను. కానీ ఆగడమంటే వదిలేయడం కాదు. బరువు పెరుగుతోందా, ఉబ్బు పెరుగుతోందా అని డాక్టరు చూస్తూనే ఉండాలి.

సూదితో ద్రవం లాగేస్తే ఉబ్బు అప్పటికప్పుడు తగ్గుతుంది, చూసేవాళ్లకు పనైపోయిందనిపిస్తుంది. అయితే తిత్తి గోడ లోపలే ఉంది కాబట్టి మళ్లీ నిండే అవకాశం ఎక్కువ. ఊపిరి అందని బిడ్డను ఆపరేషన్ దాకా నెట్టుకు రావడానికి ఇది మంచి ఉపాయమే. దీన్నే పూర్తి చికిత్స అనుకుంటే మాత్రం పొరపాటు.

ఆపరేషన్‌లో రెండు దారులున్నాయి. తిత్తి పైకప్పు కోసి, అంచులు కుట్టి, ద్రవం నోట్లోకి పోయేలా తెరిచి ఉంచడం ఒకటి. దీన్ని మార్సుపియలైజేషన్ అంటారు. కోత చిన్నది, త్వరగా అయిపోతుంది, కానీ రాన్యులా తిరిగొచ్చే వీలుంది. రెండోది మొత్తం తీసేయడం. రాన్యులా అయితే ఒక్కోసారి నాలుక కింది లాలాజల గ్రంథిని కూడా తీస్తారు. మళ్లీ రావడం తక్కువే గానీ, పక్కనే నాలుక నరం, లాలాజల నాళం ఉంటాయి. అంత చిన్న నోట్లో వాటిని కాపాడుకుంటూ కోయడం తేలిక కాదు. అందుకే మామూలు రాన్యులాకు మొదటి ప్రయత్నంగా చిన్న ఆపరేషనే మేలనిపిస్తుంది.

డూప్లికేషన్ సిస్ట్ విషయంలో ఈ లెక్క తిరగబడుతుంది. లోపల జీర్ణాశయం పొర ఉంటే ఆమ్లం ఊరి పుండు పడొచ్చు, రక్తం కారొచ్చు. అక్కడ పూర్తిగా తీయడమే సరైనది. అల్ట్రాసౌండ్, అవసరమైతే ఎంఆర్ఐ ముందే చేయడం ఇందుకే. అయినా కచ్చితమైన సమాధానం తీసిన ముక్కను ల్యాబ్‌లో పరీక్షించాకే దొరుకుతుంది.

వలెక్యులర్ సిస్ట్‌కు ఆగి చూసే వెసులుబాటు దాదాపు లేదు. అది నోరు తెరిచినా కనిపించదు. గాలి పీల్చేటప్పుడు కీచుమనే శబ్దం, పాలు తాగుతూ ఉక్కిరిబిక్కిరి కావడం, ఒళ్లు నీలంగా మారడం దాని గుర్తులు. కెమెరా గొట్టంతో గొంతు చూసి తేల్చుకుని, వెంటనే ఎండోస్కోపీ ద్వారా తిత్తి పైకప్పు తీసేయాలి.

పెద్ద తిత్తి గర్భంలో ఉండగానే స్కానింగ్‌లో బయటపడితే, ముందు తేల్చుకోవాల్సింది కాన్పు ఎక్కడ అన్నది. బొడ్డుతాడు కత్తిరించక ముందే, మాయ నుంచి ఆక్సిజన్ అందుతుండగానే బిడ్డ శ్వాసనాళంలో గొట్టం వేసే ఎగ్జిట్ పద్ధతి అవసరం పడొచ్చు. ఆ ఏర్పాట్లున్న ఆసుపత్రిని నొప్పులు మొదలవక ముందే ఖాయం చేసుకోవాలి.